పొంగింది సరే, ఎంత తగ్గింది?

“ఈనో పొట్లం కలిపితే ఐఐటీ సీటు వస్తుందా?” జంషెడ్‌పూర్‌లో పిల్లల చదువుల గురించి నలుగురు పెద్దవాళ్ళు మాట్లాడుకునే చోట ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. కదమా క్వార్టర్ల వరండాల్లో తెలుగులో వినిపిస్తుంది, సాక్చీలో కోచింగ్ సెంటర్ల గుమ్మాల దగ్గర హిందీలో వినిపిస్తుంది. అడిగేవాళ్ళు చదువు విలువ తెలియనివాళ్ళు కారు. తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చినవాళ్ళు. తండ్రులు డిప్లొమాలు చేసి కార్ఖానా షాపుల్లో పైకి వచ్చినవాళ్ళు. మెట్లన్నీ పరీక్షలతోనే ఎక్కిన కుటుంబాలకు పరీక్షలో అడగని పని మీద అనుమానం ఉండడంలో వింతేమీ లేదు.

వాళ్ళ వాదాన్ని పలచన చేసి చెప్పి, ఆపైన కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. దాని గట్టి రూపం ఇది. నీళ్ళలో పొంగే బిళ్ళ వేస్తారు, బుసబుసమని నురగ వస్తుంది, పిల్లలు కేకలు పెడతారు, అరగంట గడిచిపోతుంది. ఆ అరగంటలో మోల్ భావన మీద బోలెడు లెక్కలు చేయించవచ్చు. జేఈఈ మెయిన్ 300 మార్కుల్లో కెమిస్ట్రీవి 100, నీట్ 720లో 180. ఆ మార్కులు లెక్క చేసినవాడికి వస్తాయిగాని బుడగలు చూసినవాడికి రావు. ప్రయోగమే కావాలంటే బ్యూరెట్లు, పిపెట్లు ఉన్న లాబ్ కావాలి. అది లేకపోతే వీడియో చూపిస్తే సరిపోతుంది. వంటింటి సరుకుతో చేసేది పిల్లకాలక్షేపం.

ఇందులో ఒక ముక్క నేనూ ఒప్పుకుంటాను. స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఏటేటా పొంగే ఆ అగ్నిపర్వతం ఉందే, అట్టముక్కలతో కొండ కట్టి, ఎర్రరంగు కలిపిన వెనిగర్‌ని వంటసోడా మీద పోసేది, దాన్ని సమర్థించడం నా వల్ల కాదు. అగ్నిపర్వతం లోపల వంటసోడా ఉండదు. పిల్లవాడు ఇంటికి పట్టుకెళ్ళేది ఒక అబద్ధం, ఒక సర్టిఫికెట్. అలాంటి ప్రదర్శనలు చూసీ చూసీ విసుగెత్తిన తండ్రి “ఇదంతా ఆట” అంటే అతన్ని తప్పుపట్టలేను. కానీ అక్కడ జరిగిన తప్పు వంటసోడాది కాదు. పొంగాక ఎవరూ ఏ ప్రశ్నా అడగకపోవడం తప్పు.

అడగవలసిన ప్రశ్న చాలా పాతది. 1754లో ఎడిన్‌బరోలో జోసెఫ్ బ్లాక్ అనే వైద్య విద్యార్థి తన పట్టం కోసం ఒక సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. మూత్రాశయంలో రాళ్ళకు మందు వెతకబోయి అతను మాగ్నీషియా ఆల్బా అనే తెల్లపొడి దగ్గరకు చేరాడు. ఈనాటి పేరుతో చెప్పాలంటే అది మెగ్నీషియం కార్బొనేట్, కడుపులో పులుపుకి వాడే మందు. దాని మీద ఆమ్లం పోస్తే పొంగుతుందని అప్పటికే అందరికీ తెలుసు. బ్లాక్ ఆ పొంగుని తూచాడు. పొంగక ముందు ఎంత, పొంగాక ఎంత, తగ్గిన బరువు ఎక్కడికి పోయింది? ఆ పోయినది మామూలు గాలి కాదనీ, రాయిలో బందీగా ఉండి బయటపడే వేరే గాలి అనీ తేల్చాడు. ఈనాడు దాన్ని కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. 1756లో సున్నపురాయి మీద చేసిన పని కూడా కలిపి అచ్చువేశాడు. గాలి కూడా పదార్థమేననీ, లెక్కలో దాన్ని కలుపుకోకపోతే లెక్క తేలదనీ రసాయనశాస్త్రం గట్టిగా పట్టుకోవడానికి దారి తీసిన పనుల్లో ఇదొకటి. ఆ తరవాత ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త, లీడ్స్‌లో బీరు బట్టీ పక్కన ఇంట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పనిలోంచి, అదే గాలిని నీళ్ళలో కలిపే పద్ధతిని 1772లో ప్రకటించాడు. మన గోలీసోడాకి మూలపురుషుడు ఆయనే.

అంటే ఏ మోల్ లెక్కల కోసం ఈ పొంగుని పక్కన పెట్టమంటున్నారో, ఆ లెక్కల శాస్త్రం సగం పుట్టిందే ఈ పొంగులో. “ముందు లెక్క నేర్చుకో, ఆట తరవాత” అనేవాళ్ళకు చరిత్రలో వరస తలకిందులుగా ఉందని గుర్తు చెయ్యవలసి వస్తోంది.

ఇక తరగతి గదికి వద్దాం. ఈనో పొట్లం మీద స్వర్జికాక్షారం, నింబూకామ్లం అని రాసి ఉంటుంది. మొదటిది వంటసోడా, రెండోది నిమ్మ ఉప్పు. పొట్లంలో వాసనలూ ఇతరత్రా ఉంటాయి కాబట్టి తూకానికి ఆ రెంటినీ విడిగా కిరాణా కొట్టులో కొనుక్కోవడం మేలు. బంగారం తూచే బుల్లి డిజిటల్ కాటా కొన్ని వందల రూపాయలకు వస్తుంది, గ్రాములో నూరోవంతు చూపిస్తుంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళున్న గ్లాసుని కాటా మీద పెట్టండి. 2.1 గ్రాముల వంటసోడా, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కాగితం మీద తూచి, ఆ కాగితంతో సహా మొత్తం బరువు రాసుకోండి. ఇప్పుడు నీళ్ళలో పొయ్యండి, ఖాళీ కాగితాన్ని మళ్ళీ కాటా మీదే ఉంచండి. బుసబుస అణిగాక మళ్ళీ చూడండి.

పుస్తకం లెక్క ప్రకారం 84 గ్రాముల వంటసోడాకి 44 గ్రాముల గాలి, కాబట్టి 2.1కి 1.1 గ్రాములు తగ్గాలి. కాటా మీద అంత తగ్గదు. ఇక్కడే పాఠం మొదలవుతుంది. తక్కువైన ఆ పదో పరకో ఎక్కడుంది? కొంత గాలి నీళ్ళలోనే ఉండిపోయింది. గది వేడిమిలో లీటరు నీళ్ళు దాదాపు గ్రామున్నర కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకోగలవు, కాబట్టి మన గ్లాసులో 0.15 గ్రాముల దాకా దాక్కోవచ్చు. అదే నిజమైతే వేడినీళ్ళతో చేసినప్పుడు తేడా తగ్గాలి, ఎందుకంటే వేడినీళ్ళు గాలిని అంత పట్టుకోలేవు. చేసి చూస్తే తగ్గుతుంది. కానీ వేడినీళ్ళు ఆవిరి కూడా అవుతున్నాయి కదా, ఆ బరువూ పోతోంది కదా? అయితే పక్కన వట్టి వేడినీళ్ళ గ్లాసు ఒకటి పెట్టి అది ఎంత తగ్గుతుందో చూడాలి. పైగా బుడగలు చిట్లి చిందే తుంపర్ల వల్ల తగ్గవలసిన దానికంటే ఎక్కువ తగ్గినట్టు కనిపించవచ్చు. గ్లాసు మీద దూది మూత పెడితే? ఈ వాదనంతా తొమ్మిదో తరగతి పిల్లలు చెయ్యగలిగినదే. ద్రావణీయత, ప్రయోగంలో పొరపాట్లు, పోల్చి చూడ్డానికి పక్కన పెట్టే గ్లాసు, అన్నీ ఒక్క గ్లాసు చుట్టూ తిరిగాయి.

మోల్ అనగానే మన పిల్లలు 22.4 లీటర్లు అని కలలో కూడా చెబుతారు. ఆ అంకె సున్నా డిగ్రీల దగ్గర మాట. జంషెడ్‌పూర్‌లో సున్నా డిగ్రీలు ఎప్పుడు చూశాం? మే నెలలో 40 డిగ్రీల గదిలో ఒక మోల్ గాలి పాతిక లీటర్లు దాటుతుంది. నీళ్ళు నింపి బోర్లించిన సీసాలోకి ఈ గాలిని పట్టి కొలిచిన పిల్లకి 22.4 ఎందుకు కుదరలేదో తనే వెతుక్కోవలసి వస్తుంది. వాయు సమీకరణం ఆ పిల్లకి అప్పుడు అక్కరకొస్తుంది.

ఇంకొకటి. గ్లాసుని చేత్తో పట్టుకుంటే చల్లబడుతుంది, థర్మామీటర్ పెడితే కొన్ని డిగ్రీలు దిగుతుంది. చర్య జరిగితే వేడి పుడుతుందని పిల్లల బుర్రలో పాతుకుపోయిన అభిప్రాయానికి ఇది ఎదురుదెబ్బ. ఎవరూ వెలిగించకుండానే, ఎవరూ వేడి పెట్టకుండానే ఇది ఎందుకు జరుగుతోంది, పైగా చుట్టూ ఉన్న వేడిని తాగుతూ? కట్టుబడి ఉన్న ఘనపదార్థం లోంచి గాలి విడివడి చెదిరిపోవడానికి ఒక పక్షపాతం ఉందని, దాని పేరు ఎంట్రోపీ అని పదకొండో తరగతిలో చెప్పబోయే మాటకి ఇక్కడే గుంజ పాతవచ్చు. ఆ పదం ఇప్పుడే చెప్పనక్కరలేదు. “చల్లబడింది, ఎందుకు?” అన్న ప్రశ్నని వాళ్ళ దగ్గర వదిలేస్తే చాలు.

లాబ్ లేకుండా కెమిస్ట్రీ లేదనే మాట చూద్దాం. ఈ ఊళ్ళో ఈ మాట మరీ వింతగా ఉంటుంది. బర్మామైన్స్‌లో జాతీయ లోహశోధన సంస్థని నెహ్రూ 1950 నవంబరు 26న ప్రారంభించాడు. ఆదిత్యపూర్‌లో ఎన్ఐటీ ఉంది. లాబ్‌లకు కరువు లేని ఊరు ఇది. 2017లో సీఎస్ఐఆర్ మొదలుపెట్టిన జిజ్ఞాస కార్యక్రమం కింద ఇలాంటి సంస్థల తలుపులు స్కూలు పిల్లలకు తెరుచుకుంటున్నాయి, మంచిదే. కానీ అద్దం వెనక యంత్రాన్ని చూసి రావడం వేరు, చేతిలో గ్లాసు పట్టుకుని తెల్లమొహం వెయ్యడం వేరు. ఇక స్కూలు లాబ్‌ల సంగతి చెప్పుకోవాలా? పన్నెండో తరగతి సీబీఎస్ఈ కెమిస్ట్రీలో 100కి 30 మార్కులు ప్రాక్టికల్స్‌వి. ఆ ముప్ఫై ఎలా పడుతున్నాయో దేశంలో ఏ ఊరి పిల్లల్ని అడిగినా చెబుతారు. లవణం పేరు ముందే తెలుస్తుంది, రికార్డు పక్కవాడిది చూసి రాస్తారు. సామాను ఉండీ ప్రశ్న లేని ఆ గది కంటే, సామాను లేకుండా ప్రశ్న ఉన్న వరండా నయమని నా అభిప్రాయం.

వీడియో గురించి ఎక్కువ చెప్పను. వీడియోలో బరువు ఎప్పుడూ సరిగ్గా 1.1 గ్రాములే తగ్గుతుంది. అదే దాని లోపం.

ఇప్పుడు ఈ ఊరికే ప్రత్యేకమైన విషయానికి వస్తాను, ఎందుకంటే “ఆట” అనే వాదం అన్నిటికంటే ఎక్కువ చెల్లని ఊరు ఇది. 1912 నుంచి ఇక్కడ ఉక్కు పోస్తున్నారు. ఉక్కు తయారయ్యే ఎల్‌డీ షాపులో పనిచేసే తండ్రిని అడగండి, కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదుతున్నప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవలసింది దేనికని. స్లాపింగ్ అంటాడు. కరిగిన లోహంలోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ బుడగలుగా పైకి వస్తుంది. ఆ బుడగలు పైన తేలే కరిగిన మడ్డిని, అంటే స్లాగ్‌ని, నురగ చేస్తాయి. నురగ కొంత ఉంటే మేలే. మితిమీరితే కన్వర్టర్ మూతి దాటి పొంగి పొర్లిపోతుంది, లోహమూ పోతుంది, మనుషులకు ప్రమాదం. బుడగ పుట్టడం, ద్రవం దాన్ని ఎంతసేపు పట్టి ఉంచగలదన్నది, నురగ ఎందుకు నిలబడుతుంది, ఎందుకు కూలుతుంది, ఇవన్నీ ఆ తండ్రి జీతానికి సంబంధించిన విషయాలు. ఇంటికొచ్చి, గ్లాసులో పొంగుతున్న బిళ్ళని చూస్తున్న కూతుర్ని “ఆటలాపి చదువుకో” అంటాడు. మామూలు నీళ్ళలో నురగ ఎందుకు వెంటనే కూలిపోతుంది, ఒక చుక్క సబ్బునీళ్ళు కలిపితే ఎందుకు గ్లాసు దాటి పొర్లుతుంది అని ఆ పిల్ల అడిగితే, జవాబు చెప్పగలిగినవాడు ఆ ఇంట్లో ఆయనే.

పొడి, బిళ్ళ ప్రయోగమూ ఇక్కడ చేస్తే రుచి వేరు. బయట దొరికే విటమిన్ సి పొంగు బిళ్ళ ఒకటి అలాగే వేసి, ఒకటి నాలుగు ముక్కలు చేసి, ఒకటి నలగ్గొట్టి మూడు గ్లాసుల్లో వేస్తే, పొడి ముందు అయిపోతుంది. ఉపరితలం పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, పుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది. జంషెడ్‌పూర్‌లో ఆగనక్కరలేదు. చర్య త్వరగా జరగాలంటే పొడి చెయ్యమన్నారు కదా, మరి నోవాముండి గనుల నుంచి వచ్చే ఇనుప ఖనిజం పొడిని బ్లాస్ట్ ఫర్నేస్‌లో అలాగే పోసెయ్యకుండా, సింటర్ ప్లాంట్‌లో సున్నపురాయీ, కోక్ పొడీ కలిపి కాల్చి మళ్ళీ గడ్డలు చేస్తారెందుకు? ఫర్నేస్‌లో కింద నుంచి వేడిగాలి పైకి పోవాలి. పొడి పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఒక సూత్రం ఎక్కడ నిజమో, ఎక్కడ మరో సూత్రం దాన్ని అడ్డుకుంటుందో పదో తరగతి పిల్లకి ఇంతకంటే బాగా చూపించే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

అదే బిళ్ళని వంటనూనెలో వేస్తే ఏమీ జరగదు. ఆమ్లమూ క్షారమూ రెండూ అందులోనే ఉన్నాయి, అయినా మాట్లాడుకోవు. అయాన్లుగా విడివడడానికి నీళ్ళు కావాలి. బిళ్ళల గొట్టం మూతలో తేమ పీల్చే గుళికలు ఎందుకు పెట్టారో, జులై ముసురులో మూత తెరిచి ఉంచిన గొట్టంలోని బిళ్ళలు నెమ్మదిగా ఎందుకు చచ్చిపోతాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇలా నేర్పితే పిల్లలు వెనకబడతారన్న భయం ఈ దేశానికి కొత్తది కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు చవక సామాన్లతో, ప్రయోగాలతో సైన్సు బోధన మొదలుపెట్టాయి. తరవాత అది జిల్లా అంతటికీ, ఆ పైకీ వ్యాపించింది. పరీక్షలో పుస్తకం తెరిచి రాయవచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపించాలి. ముప్ఫై ఏళ్ళు నడిచింది. 2002లో ప్రభుత్వం ఆపేసింది. ఆ ముప్ఫై ఏళ్ళూ ప్రభుత్వ బడుల మామూలు టీచర్లే దాన్ని నడిపారన్న సంగతిని, “మా టీచర్లకు ఇవన్నీ ఎక్కడ వస్తాయి” అనే మేనేజ్‌మెంట్లకు గుర్తు చెయ్యక తప్పదు.

ప్రమాదం మాట కూడా అంటారు, అందులో కొంత న్యాయం ఉంది. సీసాలో పోసి మూత బిగించకూడదు, గాజుసీసాకైతే అసలే వద్దు. పొంగే బిళ్ళలు కొన్ని ఆస్పిరిన్ మందులు. పిల్లలకు డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్ ఇవ్వకూడదు, కాబట్టి వాటిని తరగతికి తేనేవద్దు. ప్రయోగం చేసిన గ్లాసులో నీళ్ళు ఎవరూ తాగకూడదు. ఈ మూడు జాగ్రత్తలూ తీసుకుంటే ఇది గ్యాస్‌పొయ్యి వెలిగించడం కంటే నిరపాయం.

మిగిలింది జేఈఈ. అరగంటలో ఇరవై లెక్కలా, ఒక గ్లాసా? ఈ లెక్క చూడండి. ఐదు గ్లాసులు తీసుకుని ఒక్కోదానిలో నిమ్మ ఉప్పు 2 గ్రాములు. వంటసోడా ఒకదానిలో 1 గ్రాము, తరవాత వాటిలో 2, 2.5, 3, 4. తగ్గిన బరువుల్ని గ్రాఫ్ కాగితం మీద గుర్తుపెట్టించండి. మొదట గీత ఏటవాలుగా ఎక్కుతుంది, సోడా పెంచిన కొద్దీ గాలి పెరుగుతుంది. ఒకచోట దాటాక ఎంత సోడా పోసినా గాలి పెరగదు, నిమ్మ ఉప్పు అయిపోయింది. ఏది ముందు అయిపోతే అదే లెక్క నిర్ణయిస్తుందన్న సంగతి, లిమిటింగ్ రియేజెంట్ అని కోచింగ్ వాళ్ళు తల పట్టుకుని నేర్పేది, గీత వంగిన చోట కళ్ళకు కనబడుతుంది.

గీత అక్కడ పదునుగా విరగదు, గుండ్రంగా వంగుతుంది. అక్కడ నురగ కూడా నీరసంగా, ఆలస్యంగా వస్తుంది, కలియబెడుతూ ఓపికగా ఆగాలి. నిమ్మ ఉప్పు ఇవ్వగలిగిన మూడు హైడ్రోజన్లలో మొదటిది ఇచ్చినంత సులువుగా మూడోది ఇవ్వదు. ఆ మూడోదాని ఆమ్లబలం, గాలి నీళ్ళలో కలిసి ఏర్పడే కార్బోనిక్ ఆమ్లం బలం దాదాపు సమానం. రెండు సమానబలుల మధ్య పోటీ కాబట్టి, గాలి గ్లాసు దాటిపోతున్న కొద్దీ మాత్రమే అది నెమ్మదిగా తెగుతుంది. ఆమ్లబలాన్ని చెప్పే పీకేఏ విలువలు బట్టీపట్టిన పన్నెండో తరగతి కుర్రాణ్ణి ఈ గ్రాఫ్ ముందు కూచోబెట్టి, వంపు ఎందుకు గుండ్రంగా ఉందో చెప్పమనండి.

అది చెప్పాక ఇంకొకటి అడగండి. నిమ్మ ఉప్పు రెండు రకాలుగా అమ్ముతారు. స్ఫటికంలో నీళ్ళు లేని రకానికి మోల్ 192 గ్రాములు, ఒక్కో అణువుతో ఒక నీటి అణువు ఉన్న రకానికి 210. మొదటిదైతే 2 గ్రాముల నుంచి గాలి 1.37 గ్రాములకు మించి రాదు, రెండోదైతే 1.26 దగ్గరే ఆగిపోతుంది. నీళ్ళలో దాక్కున్న గాలిని సరిచేసుకుని చూస్తే, మన బుల్లి కాటాకి ఆ తేడా అందుతుంది. జుగ్‌సలాయ్ బజారులో కొన్న పొట్లం మీద ఏ రకమో రాసి ఉండదు. అందులో ఉన్నది ఏదో, పొంగు తూచి, పిల్లలే తేల్చి చెప్పాలి.